చేతిలోని ఫోను – మనమింకను తెరవని గదులు



మన కుటుంబములలో ఇప్పుడు స్మార్ట్‌ఫోను లేని ఇల్లు అరుదు. మగ్గము మీద పనిచేయు సహోదరుని జేబులోను, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుని బల్లమీదను అది ఉన్నది. అయితే దానితో మనము చేయుచున్నదేమి? మాటలాడుదుము, వాట్సాప్ చూతుము, ఫోటో తీయుదుము, కొట్టులో డబ్బు చెల్లింతుము. అంతే. పది పదిహేను వేల రూపాయలు పోసి ఇల్లు కొని, నాలుగు గదులలో కాపురముండి, మిగిలిన గదులకు తాళము వేసి ఉంచినట్లున్నది మన వాడుక.

ఆ మూసిన గదులన్నిటిని ఈ పాఠములో తెరచుట మా ఉద్దేశము కాదు. అందులో చాలావరకు మనకు అక్కరలేనివే. షోలాపూరు, భివండి, బళ్లారి, బెంగుళూరు, చెన్నై, బరంపురము, రాయగడ వంటి చోట్ల తరతరములుగా స్థిరపడినవారమైన మనకు ప్రత్యేకముగా ఒక చిక్కున్నది. నాయనమ్మ తెలుగు తప్ప మరి ఏ లిపియు చదువలేదు. మనుమరాలు కన్నడమో, మరాఠీయో, తమిళమో, ఒడియాయో, దానితో ఇంగ్లీషు చదువును గాని తెలుగు అక్షరము ఎరుగదు. ఇద్దరును ఇంట్లో తెలుగే మాటలాడుదురు. కాని ఒకరు వ్రాసినది మరియొకరు చదువలేరు. యానాములోనివారికి ఈ చిక్కు లేదనుకొందురేమో. బడిలోను వీధిలోను వారిది తెలుగే. అయినను పెద్ద పని పడి పుదుచ్చేరి వెళ్లినప్పుడు తమిళ బోర్డుల మధ్య వారును మనవలెనే నిలువబడుదురు. కావున ఈ చిక్కును తీర్చుటకు ఫోనులో ఇప్పటికే ఉన్న పనిముట్లను ముందుగా నేర్చుకొందము. తరువాత ప్రాణమును సొమ్మును కాపాడు కొన్నిటిని చూతము.

మొదట ఒక మాట. ఫోను తయారుచేయు కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కొక్క పేరు పెట్టుదురు. మేము చెప్పిన చోట మీ ఫోనులో ఆ మాట కనబడకపోవచ్చును. అప్పుడు కంగారుపడనక్కరలేదు. సెట్టింగ్స్ తెరచినయెడల పైన ఒక వెదకు గడి ఉండును. అందులో ఆ పేరు కొట్టినచో అది ఎక్కడ దాగియున్నను బయటికి వచ్చును. చాలామంది సెట్టింగ్స్‌లో క్రిందికి మీదికి అరగంట తిరుగుదురే గాని ఆ గడి వైపు చూడరు.

తెలుగు వ్రాయుట

మన యువజనులు తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాసి పంపుచున్నారు. అమ్మమ్మకు అది చదువరాదు. చదువవచ్చినవారికి సహితము "పాలు" అన్నాడో "పళ్లు" అన్నాడో తెలియక తికమక. ఇందుకు ఫోనులో తెలుగు లేదని కారణము చెప్పుటకు వీలులేదు. ప్రపంచములోని లిపులన్నిటికి అంకెలు కేటాయించు యూనికోడ్ అను పద్ధతిలో 1991లో వచ్చిన మొదటి కూర్పునుండియే తెలుగు ఉన్నది. అందువలననే షోలాపూరులో వ్రాసిన తెలుగు మాట అమెరికాలోని ఫోనులో చెక్కుచెదరక కనబడుచున్నది. మన సంఘ పత్రికలు, కరపత్రములు కొన్ని పాత డి.టి.పి. అక్షరములతో టైపు అయినవి. వాటి ఫైలును ఫోనుకు పంపినచో పిచ్చి గీతలుగా కనబడుటకు కారణము అవి ఈ పద్ధతికి చేరినవి కాకపోవుటయే. ఫోను చెడిపోలేదు. అట్టివాటిని పి.డి.ఎఫ్.గా మార్చి పంపవలెను.

ఆండ్రాయిడ్ ఫోనులలో తరచుగా ఉండునది జీబోర్డ్ అను కీబోర్డు. దాని సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్ తెరచి, యాడ్ కీబోర్డ్ నొక్కి, తెలుగును ఎన్నుకొనవలెను. అక్కడ ఒకటి కాదు, మూడు విధములు కనబడును. మొదటిది అచ్చముగా తెలుగు అక్షరముల పలక. రెండవది ఇంగ్లీషు అక్షరములు నొక్కుచు పోగా తెలుగుగా మార్చునది. ఇది పిల్లలకు ఒక్క పూటలో అబ్బును. మూడవది చేతివ్రాత. తెరమీద వ్రేలితో పలకమీద వ్రాసినట్లు వ్రాయుచు పోగా అది అచ్చు అక్షరమగును. పెద్దవారికి మేము సిఫారసు చేయునది ఈ మూడవదే. డెబ్బది ఏండ్లు దాటినవారు కీబోర్డులో "క్ష" ఎక్కడున్నదో వెదకుచు విసిగి ఫోను ప్రక్కన పెట్టుట చూచుచున్నాము. వారికి వ్రేలితో వ్రాయుట చిన్నప్పుడే వచ్చును గదా!

ఇక నోటితో చెప్పి వ్రాయించుట. కీబోర్డు మీద మైకు గుర్తు ఉండును. 2017 ఆగస్టులో గూగుల్ ఎనిమిది భారతీయ భాషలను ఇందులో చేర్చినది; తెలుగు, కన్నడము, తమిళము, మరాఠీ వాటిలో ఉన్నవి. ముందు కీబోర్డును తెలుగునకు మార్చి, పిమ్మట మైకు నొక్కి మాటలాడవలెను. కీబోర్డు ఇంగ్లీషులో ఉండగా తెలుగు మాటలాడి, "ఇది పనిచేయదు" అనువారు అనేకులు. మన తెలుగు విషయమై ఒక జాగ్రత్త కూడ చెప్పవలెను. బళ్లారి తెలుగులో కన్నడపు మాటలు, చెన్నై తెలుగులో తమిళపు మాటలు కలిసియున్నవి. అవి మనకు కమ్మగానే ఉండును గాని యంత్రము అచ్చట తడబడును. నిదానముగా, వాక్యము వెంబడి వాక్యముగా చెప్పండి. మనుష్యుల పేర్లను, అంకెలను మరల చదివి చూచుకొనక పంపరాదు. పదిహేను వేలు అన్నది యాభై వేలుగా పడినచో అన్నదమ్ముల మధ్య అనవసరమైన మాటలు పుట్టును.

చిన్న సంగతి ఒకటి. వ్రాసినదాని నడుమ ఒక అక్షరము తప్పినచో, లావు వ్రేలితో సరిగా అక్కడే తాకుట కష్టము. జీబోర్డులో క్రిందనున్న పొడుగు బటను మీద వ్రేలుంచి ఎడమకో కుడికో జరిపినచో గీత అక్షరము వెంబడి అక్షరముగా కదలును. దీనిని ఒకసారి చూచినవారు మరల విడువరు.

చదివించుకొనుట

వ్రాయుటకంటె చదువుటయే మన ఇండ్లలో ఎక్కువ చిక్కు. ఇందుకు ఆండ్రాయిడ్‌లో సెలెక్ట్ టు స్పీక్ అనునది ఉన్నది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అను భాగములో దీనిని తెరచి పెట్టినచో తెర అంచున ఒక చిన్న గుర్తు వచ్చును. ఆ గుర్తు నొక్కి, చదువవలసిన భాగమును తాకినచో ఫోను బిగ్గరగా చదువును. తెలుగును ఇంగ్లీషువాని నోటితో చదువుచున్నట్లుంటే, టెక్స్ట్ టు స్పీచ్ అను చోటికి వెళ్లి తెలుగు గొంతును దించుకొనవలెను. ఐఫోనులో దీని పేరు స్పీక్ స్క్రీన్. క్రొత్త వాటిలో తెలుగు గొంతు కూడ ఉన్నది.

దీనివలన ఇద్దరికి మేలు. కంటిలో శుక్లము వచ్చిన తాతగారు కుమారుడు పంపిన ఉత్తరమును ఎవరినీ బ్రతిమాలకుండ వినగలరు. తెలుగు చదువరాని మనుమరాలు నాయనమ్మ వ్రాసినది వినగలదు. ఒకరి రహస్యము మరియొకరి చెవిని పడదు. ఇది స్వల్ప విషయము కాదని మా తలంపు. తన ఉత్తరమును ఇరుగుపొరుగువారిచేత చదివించుకొనవలసిన వృద్ధురాలికి ఎంత బాధయో మన పెద్దలు ఎరుగుదురు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. ఫోనే చదివిపెట్టునప్పుడు పిల్లలు అక్షరములు నేర్చుకొనుట ఎందుకను ప్రశ్న వచ్చును. వచ్చినది కూడ. కొందరు తలిదండ్రులు ఇదే మాట చెప్పి ఆదివారపు తెలుగు తరగతికి పిల్లలను మాన్పించుచున్నారు. అది సరికాదు. ఈ పనిముట్టునే నేర్చుకొనుటకు వాడవచ్చును. సెలెక్ట్ టు స్పీక్ సెట్టింగ్స్‌లో, చదువుచున్న మాటను రంగుతో గుర్తించి చూపు ఏర్పాటు ఉన్నది. దానిని తెరచి, చదువు వేగమును బాగుగా తగ్గించి, నాలుగు వాక్యముల తెలుగు పిల్లల ముందు పెట్టండి. మాట వినబడుచుండగా ఆ మాటమీదనే రంగు నిలుచును. మాటలాడుట ఇదివరకే వచ్చిన పిల్లలు గనుక, చెవికి తెలిసిన మాటను కంటితో పట్టుకొనుటయే మిగిలినది. దినమునకు పది నిమిషములు చాలును.

కంటిచూపు బొత్తిగా లేనివారికి టాక్‌బ్యాక్ అను వేరొక పనిముట్టు ఉన్నది. అది తెరమీద వ్రేలుంచిన ప్రతిదానిని చెప్పును. కాని దానిని తెరచినంతనే ఫోనును తాకు పద్ధతియే మారిపోవును. ఒకసారి తాకిన చెప్పును, రెండుసార్లు తాకిననే తెరచును. తెలియక తెరచినవారు ఫోను పాడైనదనుకొని బాగుచేయు కొట్టుకు పరుగెత్తుదురు. ధ్వని పెంచు తగ్గించు బటనులు రెండును కలిపి మూడు సెకన్లు అదిమి పట్టినచో సాధారణముగా అది మూతబడును.

ఇతర లిపులను మన లిపిలో చూచుట

గోడమీద మునిసిపాలిటీ నోటీసు, కరెంటు బిల్లు, బస్సు బోర్డు, బడినుండి వచ్చిన కాగితము – ఇవి ఆయా రాష్ట్ర భాషలోనే ఉండును, ఉండవలెను కూడ. క్రొత్తగా కాపురమునకు వచ్చిన కోడలికి, లేదా బిడ్డల యొద్దకు ఊరినుండి వచ్చిన తల్లికి అది అడవి. గూగుల్ లెన్స్ అను పనిముట్టు 2017లో వచ్చినది. దానిని తెరచి, ట్రాన్స్‌లేట్ అన్నది ఎన్నుకొని, తెలుగు కోరి, కాగితము మీదికి కెమెరా పట్టినచో అక్షరములున్న చోటనే తెలుగు కనబడును. ఇంటర్నెట్ లేని చోట కూడ పనిచేయవలెనంటే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఆయా భాషలను ముందుగా వైఫై ఉన్నప్పుడే దించి ఉంచుకొనవలెను. ఈ సంగతి ఎరుగక, తీరా ఆసుపత్రి నేలమాళిగలో సిగ్నలు లేక నిలుచువారున్నారు. తెలుగు, తమిళము, కన్నడము 2011లోనే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో చేరగా, ఒడియా 2020 ఫిబ్రవరిలో గాని చేరలేదు. కావున ఒడిశాలోని మనవారు తమ ఫోనులో కెమెరాతో ఒడియా ఎంతవరకు వచ్చునో ఇంటియొద్దనే పరీక్షించి చూచుకొని, పిమ్మట నమ్ముట మంచిది.

కర్ణాటకలోనివారికి ఒక ప్రక్కమాట. కన్నడ లిపియు తెలుగు లిపియు ఒకే పాత తెలుగు-కన్నడ లిపినుండి పుట్టిన అక్కచెల్లెండ్రు. తలకట్టు తేడాను, ఇంచుమించు ఓ పది అక్షరముల తేడాను పట్టుకొన్నచో బస్సు బోర్డుకు ఫోను తీయనక్కరలేదు. ఒక నెల కష్టపడండి.

ఇక ఈ అనువాదములను ఎంతవరకు నమ్మవలెను? ఇక్కడ కొంచెము నిలిచి చూడవలసియున్నది. యంత్రము తెలుగునుండి తమిళమునకో మరాఠీకో మార్చునప్పుడు, తరచుగా నడుమ ఇంగ్లీషు మీదుగా నడచినట్లు దాని తప్పులే చెప్పును. తెలుగులో "మనము" వేరు, "మేము" వేరు. "మనము రేపు ఆసుపత్రికి వెళ్లుదుము" అంటే వినువాడును రావలెను. "మేము వెళ్లుదుము" అంటే అతడు రానక్కరలేదు. తమిళములోను ఈ భేదము ఉన్నది – నామ్, నాంగళ్. మరాఠీలోను ఉన్నది – ఆపణ్, ఆమ్హీ. నేటి వాడుక కన్నడములో మాత్రము రెండింటికిని నావు అన్న ఒకే మాట. ఇంగ్లీషులోను ఒకే మాటయే. అందువలన తెలుగువాడు స్పష్టముగా చెప్పిన భేదము, తమిళునికి స్పష్టముగా తెలియగల భేదము, నడుమనున్న ఇంగ్లీషు వంతెన మీద జారిపడిపోవును. ఇరుగింటివారిని విందుకు పిలిచినట్లో పిలువనట్లో తెలియని ఉత్తరము తయారగును.

బంధుత్వములును అట్లే. పెదనాన్న, చిన్నాన్న, మేనమామ – ఈ ముగ్గురును వంతెన దాటునప్పటికి ఒకే అంకుల్ అగుదురు. తమిళములో పెరియప్పా, చిత్తప్పా, మామా అని మూడు మాటలున్నను ఏదో ఒకటి పడును. ఆస్తి పంపకపు కాగితములో ఇట్లు పడినచో ఏమగునో ఆలోచించండి. "నీవు", "మీరు" అను భేదము కూడ చెదరును. పెద్దవారైన అధికారికి మర్యాదగా వ్రాసినది ఏకవచనములో పోవచ్చును. ఆయన మనస్సు నొచ్చుకొనినను కారణము మనకు తెలియదు.

కావున మేము అనుసరించు పద్ధతి చెప్పుచున్నాము. చిన్న చిన్న వాక్యములు వ్రాయవలెను. ఎవరు చేసినారో ఆ పేరు విడువరాదు. "పంపినాము" అని మాత్రము కాక, "మా సంఘము డబ్బు పంపినది" అని వ్రాయవలెను. సామెతలు, నుడికారములు వద్దు. "చేతులెత్తేశాడు" అన్నచో యంత్రము నిజముగా చేతులు ఎత్తించినను ఆశ్చర్యము లేదు. అనువాదము వచ్చిన తరువాత దానినే తీసి మరల తెలుగులోనికి మార్చి చూడవలెను. తిరిగి వచ్చిన తెలుగు మన మొదటి మాటతో కలిసినచో పంపవచ్చును. కలియనిచో వాక్యము మార్చవలెను. మందుల చీటీ, డాక్టరు చేతివ్రాత, రిజిస్ట్రేషను దస్తావేజు, కోర్టు కాగితము – ఈ నాలుగింటి విషయములో మాత్రము ఫోనును నమ్మి సంతకము చేయరాదు, మందు మ్రింగరాదు. రెండు భాషలు చదువవచ్చిన మనిషిని వెదకవలెను. మన సంఘములలో అట్టివారికి కొదువ లేదు గదా.

ఆపదలో

ఇది అన్నిటికంటె ముఖ్యమైనదైనను చెప్పుటకు కొద్దియే ఉన్నది. మీరు రోడ్డుమీద స్పృహ తప్పి పడినారనుకొందము. మీ ఫోనుకు తాళము ఉన్నది, ఉండవలెను కూడ. సహాయము చేయవచ్చినవారు ఎవరికి తెలుపగలరు? ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అను భాగమున్నది. అందులో మీ రక్తపు గ్రూపు, చక్కెర వ్యాధి, రక్తపోటు వంటివి, వాడుచున్న మందులు, పడని మందులు వ్రాసి, ఇంటివారి నంబర్లు రెండు మూడు చేర్చవలెను. తాళము తీయకుండగనే చూచుటకు అనుమతి ఇచ్చుట మరువరాదు. అప్పుడు తాళపు తెరమీద ఎమర్జెన్సీ అన్నది నొక్కినవారికి ఆ వివరములు కనబడును. ఐఫోనులో హెల్త్ అను యాప్‌లో మెడికల్ ఐడి అని ఇదే ఉన్నది.

ఏ భాషలో వ్రాయవలెను? ఇంత సేపు తెలుగు తెలుగు అన్న మేమే ఇక్కడ తెలుగు వద్దనుచున్నాము. భివండి రోడ్డుమీద మిమ్మును లేవనెత్తువాడు మరాఠీవాడో ఉత్తర దేశపువాడో అగును. "అమ్మ" అని తెలుగు లిపిలో దాచిన నంబరు అతనికి గీతలే. కావున ఈ ఒక్క చోట ఇంగ్లీషు అక్షరములతో, బంధుత్వము కూడ చేర్చి వ్రాయండి – భార్య, కుమారుడు అని అతనికి తెలియునట్లు. ఒక నంబరైనను మీరున్న ఊరిలోనివారిది కావలెను. హైదరాబాదులోనున్న కుమారుడు ఏడ్చునే గాని గంటలో రాలేడు.

పోలీసు, అగ్నిమాపక దళము, అంబులెన్సు మూడింటికిని 112 అను ఒకే నంబరు 2018 నవంబరులో హిమాచల్ ప్రదేశ్‌లో ఆరంభమై తరువాత ఇతర రాష్ట్రములకు వచ్చినది. పవర్ బటనును వెంటవెంటనే నొక్కినచో సహాయపు కాల్ పోవు ఏర్పాటు ఫోనులో ఉండును. కొన్నిటిలో మూడుసార్లు, కొన్నిటిలో అయిదుసార్లు. మీ ఫోనులో ఎన్నిసార్లో సెట్టింగ్స్‌లో చదివి తెలిసికొనండి గాని నొక్కి పరీక్షింపవద్దు. కాల్ నిజముగానే పోవును.

ప్రయాణములలో వాట్సాప్‌లోని లైవ్ లొకేషన్ ఉపయోగము. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ముంబైనుండి బరంపురము వరకు ఒంటరిగా వచ్చు ఆడపిల్ల తానున్న చోటును తల్లికి చూపుచు రావచ్చును. పదిహేను నిమిషములు, ఒక గంట, ఎనిమిది గంటలు అని మూడు గడువులు మాత్రమే ఉండును గనుక, ఎనిమిది గంటలైన పిమ్మట మరల తెరువవలెను. అది ఆగిపోయినదని తల్లి ప్రాణము తల్లడిల్లక ముందే ఈ సంగతి ఆమెకు చెప్పియుంచుట మంచిది.

చెవికి, కంటికి, కూటములకు

అక్షరములు పెద్దవి చేయుట అందరెరుగుదురు. తెరను మూడుసార్లు తట్టినచో మొత్తము తెరయే పెద్దదగు మాగ్నిఫికేషన్ అను ఏర్పాటును యాక్సెసిబిలిటీలో కొద్దిమందియే చూచినారు. వినికిడి తగ్గినవారికి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనునది 2019లో వచ్చినది. అమెరికాలో చెవిటివారి కొరకైన గాలోడెట్ విశ్వవిద్యాలయమువారి సహాయముతో గూగుల్ దానిని తయారుచేసినది. ఎదుటివారు మాటలాడుచుండగా ఆ మాటలు తెరమీద అక్షరములై వచ్చుచుండును. తెలుగులో కూడ వచ్చును. గోల ఉన్న చోట తప్పులు ఎక్కువ. ఇద్దరు ముగ్గురు కూర్చుండి మెల్లగా మాటలాడుకొనునప్పుడు, ఇన్నాళ్లు మూలన కూర్చుండి నవ్వి ఊరకుండిన పెద్దాయన మరల సంభాషణలోనికి వచ్చును.

కూటములలో ఫోను మ్రోగుటను గూర్చి ఎంత చెప్పినను చాలదు. "ఇంట్లో అమ్మకు బాగాలేదు, అందుకే ఆపలేదు" అందురు. న్యాయమే. డు నాట్ డిస్టర్బ్ అను ఏర్పాటును ఆదివారము ఇన్ని గంటలనుండి ఇన్ని గంటలవరకు అని ఒక్కసారి పెట్టినచో ప్రతి వారము దానంతట అదే మౌనముండును. అందులో ఇంటివారి కాల్‌ను మాత్రము రానిచ్చుటకు వీలున్నది. ఒకే మనిషి పదిహేను నిమిషములలో రెండవసారి పిలిచినచో మ్రోగునట్లు కూడ పెట్టవచ్చును. ఇక సాకు లేదు.

చిన్నపిల్లల చేతికి ఫోను ఇచ్చునప్పుడు యాప్ పిన్నింగ్ పెట్టినచో, చూపిన బొమ్మను దాటి వారు బ్యాంకు యాప్‌లోనికి పోలేరు.

పెద్దల గొంతు

ప్రతి ఫోనులోను రికార్డరు ఉన్నది. దానిని మనము తెరచుట లేదు. కోలారు బంగారు గనులు 2001లో మూతబడినవి. ఆ గనులలో దిగినవారు, బొంబాయి మిల్లులలో 1982 సమ్మె చూచినవారు, షోలాపూరు మగ్గములమీద మూడు షిఫ్టులు చేసినవారు ఇప్పుడు మన మధ్య ముసలివారైయున్నారు. తమ తాతలు ఏ ఊరినుండి, ఏ కరవులో, ఎవరి వెంట వచ్చినారో వారికి తెలియును; ఆ మాట వేరొక చోట వ్రాసియుండలేదు. ఫ్యాను ఆపి, ఫోనును వారికి జానెడు దూరములో గుడ్డమీద ఉంచి, విమాన గుర్తు నొక్కి కాల్‌లు రాకుండ చేసి, అరగంట చొప్పున చెప్పించండి. ఫైలుకు వారి పేరు, ఊరు, తేదీ పెట్టవలెను. లేనిచో ఆరు నెలలకు అది నూరు ఫైళ్లలో కలిసిపోవును. వాట్సాప్‌లో పాత ఫోటోలు పంపునప్పుడు డాక్యుమెంట్ అని ఎన్నుకొని పంపినచో స్పష్టత తగ్గదు. మామూలుగా పంపినచో మసకబారును. ఒక ప్రతి ఫోనులో, మరియొక ప్రతి కంప్యూటరులోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఉండవలెను. ఒక్క ఫోనులోనే దాచినది దాచినట్లు కాదు.

ఫోను పోయినచో

ముందు చేయవలసిన పని పోకముందే ఉన్నది. స్టార్, హాష్, సున్న, ఆరు, హాష్ – ఈ వరుసలో నొక్కినచో పదిహేను అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నంబరు కనబడును. రెండు సిమ్ములున్న ఫోనులకు రెండు నంబర్లుండును. కేంద్ర ప్రభుత్వమువారి సంచార్ సాథీ వెబ్‌సైటు 2023 మే నెలలో వచ్చినది. యాప్ 2025 జనవరిలో వచ్చినది. ఫోను పోయినచో మొదట పోలీసు ఫిర్యాదు ఇచ్చి, దాని ప్రతితో అక్కడ ఈ నంబరును తెలిపినచో ఆ ఫోను దేశములో ఏ సిమ్ముతోను పనిచేయకుండ ఆపుదురు. దొరికిన తరువాత మరల విడిపించుకొనవచ్చును.

అయితే దొంగ ఫోనుకంటె సిమ్మునే ఎక్కువ వాడుకొనును. దానిని తీసి వేరొక ఫోనులో పెట్టినచో బ్యాంకు ఓ.టి.పి.లు వానికే వచ్చును. ఇందుకు సిమ్ లాక్ అను ఏర్పాటున్నది. పెట్టినచో సిమ్ము క్రొత్త ఫోనులోనికి పోగానే పిన్ అడుగును. దీనిని తెరచుటకు ముందు కంపెనీవారు మొదట పెట్టిన పిన్ ఏదో వారినే అడిగి తెలిసికొనవలెను. ఊహించి కొట్టరాదు. మూడుసార్లు తప్పినచో సిమ్ము మూసికొని పి.యు.కె. నంబరు అడుగును, అదియు పదిసార్లు తప్పినచో ఆ సిమ్ము ఇక పనికిరాదు. డబ్బు పోయినట్లు తెలిసినచో ఆ గంటలోనే 1930కు ఫోను చేయవలెను. తెల్లవారనిమ్మని ఊరకుండినచో ఆ సొమ్ము నాలుగు ఖాతాలు మారిపోవును.

ఐ.ఎం.ఇ.ఐ. నంబరును, 1930ని, ఇంటివారి నంబర్లు నాలుగింటిని ఒక కాగితము మీద పెద్ద అక్షరములతో వ్రాసి రేషను కార్డు ఉన్న సంచిలో పెట్టండి. పోయిన ఫోనులో వ్రాసియుంచిన నంబరు ఎవరికి పనికివచ్చును?